విస్టీరియా గింజలు కొంటున్నారా? ప్యాకెట్ వచ్చిన రోజే విప్పి చూడండి

మిద్దె తోటలు పెంచుకునే వారందరికీ విన్నపం. పందిరి నుంచి మూరల కొద్దీ వేలాడే ఊదారంగు పూలగుత్తుల ఫోటో పెట్టి, ‘విస్టీరియా గింజలు, మూడు నెలల్లో పూత’ అంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. దయచేసి కొనకండి. 299 రూపాయలకు నేను తెప్పించుకున్న ప్యాకెట్లో ఒక్క విస్టీరియా గింజ కూడా లేదు.

కవరు మీద కంపెనీ పేరు లేదు, తేదీ లేదు. లోపల మిరియమంత నల్లటి గింజలు, మూడు పలకలుగా ఉన్నాయి. విస్టీరియా చిక్కుడు కుటుంబపు తీగ. దాని గింజ గోధుమ రంగులో, చదునైన బిళ్లలా, సుమారు సెంటీమీటరు వెడల్పు ఉంటుంది. నాటితే వచ్చిన మొలకకు నడిమికి చీలిన జంట ఆకులు, ఆ పైన హృదయాకారపు ఆకులు! అది మార్నింగ్ గ్లోరీ, తూటికాడ జాతిదే. విస్టీరియా అయితే ఒకే ఈనెకు ఇరువైపులా వరుసగా చిట్టి ఆకులు ఉండాలి.

మోసమంతా గడువులో ఉంది. వాపసుకు ఇచ్చేది ఏడు రోజులు. మొలక వచ్చి, ఆకు విచ్చి, అదేమిటో తేలేసరికి ఆ గడువు దాటిపోతుంది. ఫోటోలతో సహా రాస్తే ‘మీరు నీళ్లు ఎక్కువ పోశారు’ అని జవాబిచ్చారు. నీళ్లు ఎక్కువైతే మొక్క చస్తుంది గానీ జాతి మారుతుందా? మూడు వందల కోసం ఎవరు పోరాడతారులే అన్న ధీమా వారిది. అందుకే ఇంత కోపంగా రాస్తున్నాను.

ప్రకటనలో పెట్టిన ఆ ఫోటో జపాన్‌లోని అషికాగా పూలతోటది. అక్కడి తీగ వయసు నూట యాభై ఏళ్ల పైమాటే. అసలైన గింజే దొరికినా, విత్తనం నుంచి పెరిగిన విస్టీరియా పూయడానికి పదేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. పైగా దానికి చలికాలపు గట్టి చలి కావాలి. సిమ్లా వంటి కొండ ఊళ్లలో పూస్తుంది. విజయవాడ ఎండల్లో, హైదరాబాద్ మిద్దెల మీద దాని పూత మీద ఆశ పెట్టుకోవద్దు. ఎరుపు, ఏడు రంగుల విస్టీరియా అని చూపేవన్నీ కంప్యూటర్లో రంగు మార్చిన బొమ్మలే.

ఊదా గుత్తులే కావాలంటే పెట్రియా తీగ పెట్టుకోండి. మన వాతావరణానికి చక్కగా సరిపోతుంది. ఆకు గరుకు కాగితంలా తగిలితే అదేనని గుర్తు. వెల్లుల్లి తీగ కూడా బాగా పూస్తుంది, కొనేముందు ఆకు నలిపి వాసన చూస్తే చాలు. కడియం నర్సరీల్లోనో, మీ ఊరి నర్సరీలోనో పూతలో ఉన్న మొక్కనే కళ్లతో చూసి తెచ్చుకోండి.

ఇప్పటికే ఆర్డరు పెట్టినవారు ప్యాకెట్ విప్పుతుండగా వీడియో తీయండి. గింజ పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి ఆ రోజే వాపసు అడగండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఇంకో మాట, విస్టీరియా గింజలు, మార్నింగ్ గ్లోరీ గింజలు రెండూ విషపూరితమే. పిల్లలకు అందనివ్వకండి.