ఎండ నుంచి చర్మానికి రక్షణ: పసుపా, గ్రీన్ టీయా, టమాటానా?

ఇసకపల్లి ఉప్పు కయ్యల్లో పనిచేసేవారు, గుంటల గట్ల మీద తిరుగుతూ రొయ్యలకు మేత చల్లేవారు మా మందుల దుకాణానికి వచ్చినప్పుడల్లా ఒకటే అడుగుతున్నారు: ఎండవల్ల చర్మ క్యాన్సర్ రాకుండా ఉండాలంటే పసుపు మేలా, గ్రీన్ టీ మేలా, టమాటా మేలా అని.

ప్రయోగశాలలో మూడింటికీ మంచి పేరే ఉంది. అయితే, ఆ పదార్థం నోటి నుంచి చర్మం దాకా చేరి అక్కడ నిలుస్తుందా అన్నదే నా దృష్టిలో అసలు ప్రశ్న. పసుపులోని కర్క్యుమిన్ ఇక్కడే ఓడిపోతుంది. అది నీటిలో కరగదు, పేగుల నుంచి రక్తంలోకి వెళ్ళేది అతి స్వల్పం, ఆ కాస్తనూ శరీరం త్వరగానే మార్చి బయటికి పంపేస్తుంది. పైన పూసుకుందామన్నా, పంచె మీద పడిన పసుపు మరక ఎండలో ఆరేస్తే వెలిసిపోవడం అందరూ చూసిందే. ఎండకు తానే ఆగలేనిది మనల్నేం కాస్తుంది?

గ్రీన్ టీలోని ముఖ్య పదార్థమైన ఈజీసీజీ కూడా నిలకడలేనిదే. కప్పులో తాగితే ఇబ్బంది లేదు కానీ, మాత్రల రూపంలో రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకుంటే కాలేయ ఎంజైములు పెరగవచ్చని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది. ద్రాక్షలోని రెస్వెరట్రాల్ అనే పదార్థం ఈ విషయంలో ఇంకా చాలావరకు ఎలుకల మీద పరీక్షల దగ్గరే ఉంది.

నా మొగ్గు టమాటా వైపు. అందులోని లైకోపీన్ కొవ్వులో కరుగుతుంది కాబట్టి, నూనెలో బాగా మగ్గిన టమాటా నుంచి ఒంటికి బాగా పట్టి చర్మంలో చేరుతుంది. రోజూ 40 గ్రాముల టమాటా ముద్దను ఆలివ్ నూనెతో 10 వారాలు తిన్నవారిలో, తిననివారితో పోలిస్తే, అతినీలలోహిత కిరణాలకు చర్మం కందడం దాదాపు 40 శాతం తక్కువగా ఉందని 2001లో జర్మనీ పరిశోధకులు ప్రకటించారు.

కానీ కందకపోవడం వేరు, క్యాన్సర్ రాకపోవడం వేరు. ఆస్ట్రేలియాలోని నాంబూర్‌లో 1,600 మందికి పైగా పాల్గొన్న పరీక్షలో, లైకోపీన్‌కు దగ్గరి బంధువైన బీటా కెరొటిన్‌ను రోజుకు 30 మిల్లీగ్రాముల చొప్పున నాలుగున్నరేళ్ళు ఇచ్చినా చర్మ క్యాన్సర్లు తగ్గలేదు. అదే పరీక్షలో రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నవారిలో స్క్వామస్ కణ క్యాన్సర్ (చర్మ క్యాన్సర్‌లో ఒక రకం) గడ్డలు దాదాపు 40 శాతం తగ్గాయి. అందుకే టమాటా కూరలో వేసుకోమని, కయ్యలోకి దిగేటప్పుడు మాత్రం పొడుగు చేతుల చొక్కా, తలగుడ్డ వదలవద్దని చెబుతున్నాను.

పొదలకూరు నిమ్మకాయలు చవకగా దొరుకుతున్నాయని ఆ రసం మొహానికి రుద్దుకుని ఎండలోకి వెళ్ళేవారు కూడా ఉన్నారు. నిమ్మలోని ఫ్యూరోకౌమరిన్లు అనే పదార్థాలు ఎండ తగిలితే చర్మాన్ని బొబ్బలెక్కిస్తాయి, ఆ తరువాత మిగిలే నల్ల మచ్చలు పోవడానికి నెలలు పడుతుంది.