అనంతపురంలో దానిమ్మ జ్యూస్: రుచికి ఫుల్ మార్కులు, బోర్డుకి సున్నా

టవర్ క్లాక్ నుంచి కొంచెం లోపలికి వెళ్తే కొత్తగా పెట్టిన జ్యూస్ సెంటర్ ఇది, పేరు రాయట్లేదు. జ్యూస్ మాత్రం సూపర్. మన చుట్టుపక్కల తోటల దానిమ్మే, కళ్ల ముందే ఒలుస్తారు, అడక్కుండా చక్కెర పోయరు, ఐస్ వద్దంటే వద్దు. చివర్లో నాలుక మీద కాస్త వగరు కూడా నిలుస్తుంది.

చిరాకు పుట్టించేది గోడ మీది బోర్డు. యాంటీ ఆక్సిడెంట్ల (అంటే కణాలు దెబ్బతినకుండా అడ్డుకునే పదార్థాల) గని అట, క్యాన్సర్ రాదట, గుండెపోటు రాదట. ఒక్క గ్లాసుతో అంత జరిగేటట్టుంటే సర్వజన ఆసుపత్రిలో ఆ క్యూలు ఎందుకో! దానిమ్మలో ప్యూనికాలజిన్లనే పాలీఫినాల్స్, అంటే మొక్కల్లో ఉండే ఒక రకం యాంటీ ఆక్సిడెంట్లు, ఉన్నది నిజమే, కానీ అవి ఎక్కువగా ఉండేది తొక్కలో, ఇక్కడ పిండేది గింజల్ని, పైగా అవి ఉన్నవి ఉన్నట్టు రక్తంలో కలవవు, పేగుల్లోని బ్యాక్టీరియా వాటిని యూరోలిథిన్లనే చిన్న పదార్థాలుగా మార్చాలి, ఆ బ్యాక్టీరియా అందరి కడుపులోనూ ఒకేలా ఉండదు. బోర్డులో పెద్దక్షరాలతో వేసిన ఓరాక్ అంకె, అంటే యాంటీ ఆక్సిడెంట్ శక్తిని కొలిచే అంకె, అయితే టెస్ట్‌ట్యూబు లెక్క. ఒంట్లో జరిగేదానికీ దానికీ పొంతన లేదని, కంపెనీలు ప్రచారానికి వాడుకుంటున్నాయని అమెరికా వ్యవసాయ శాఖ తన ఓరాక్ అంకెల పట్టికను 2012లోనే తీసేసింది.

అసలు కోపం కౌంటర్ మీది బీటా కెరోటిన్ (క్యారెట్‌కి ఆ రంగు ఇచ్చేది) క్యాప్సూల్స్ డబ్బాలు చూసి వచ్చింది. బయట సిగరెట్ కాలుస్తున్నాయనకి "ఇవి వాడండి సార్, లంగ్స్ క్లీన్ అయిపోతాయి" అని అంటగడుతున్నారు! ఫిన్లాండ్‌లో సిగరెట్ తాగే 29,133 మంది మగవాళ్ల మీద చేసిన ట్రయల్ ఫలితాలు 1994లో వచ్చాయి. రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ వేసుకున్నవాళ్లకి ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం ఎక్కువైంది. అమెరికాలో ఇలాంటిదే ఇంకో ట్రయల్‌ని 1996లో మధ్యలోనే ఆపేశారు. క్యారెట్ తింటే ఏమీ కాదు, గొడవంతా పెద్ద మోతాదు మాత్రలతోనే.

నన్నడిగితే ఇంట్లో ఊరిబిండి, అదే టమాటా, శెనక్కాయలు వేసి నూరే మన పచ్చడి, చాలు. టమాటా నూనెలో మగ్గితే అందులోని లైకోపీన్, అంటే దాని ఎర్ర రంగు పదార్థం, పచ్చిదానికన్నా బాగా ఒంటబడుతుంది, శెనక్కాయల పొట్టు తీయకుండా నూరితే అందులోని పాలీఫినాల్సూ పోవు. పక్కన సంగటి ఉంటే ఇంకేం కావాల.

షుగర్ ఉన్నోళ్లు పండే తినండి, వడకట్టాక పీచు పోతుంది గానీ తీపి గ్లాసులోనే ఉంటుంది. సాయంత్రం రష్, బండి పెట్టడానికి చోటుండదు. మూడు స్టార్లు, ఆ డబ్బాలు తీసేస్తే నాలుగిస్తా.