అరవై సెషన్ల ప్యాకేజీకి డబ్బు కట్టేముందు ఒక్కసారి ఇది చదవండి

ప్రైమరీ స్కూల్లో చదివే మీ పిల్లాడో, పాపో చదవడానికి, రాయడానికి ఇబ్బంది పడుతున్నారా? "మెదడుకి శిక్షణ ఇస్తాం, సమస్య పూర్తిగా తగ్గిపోతుంది" అంటూ ఎవరైనా మొత్తం డబ్బు ముందే కట్టమంటున్నారా? అయితే కాస్త ఆగండి. మేం ఆగలేదు. అలాంటి ఒక బ్రెయిన్ ట్రైనింగ్ సెంటర్ చుట్టూ ఎనిమిది నెలలు తిరిగాం, అరవై సెషన్లు పూర్తి చేశాం. కట్టిన డబ్బులో ఒక్క పైసా వెనక్కి రాలేదు. డబ్బు నష్టం ఎలాగోలా పూడ్చుకుంటాం. రెండో తరగతిలో మా వాడికి అందాల్సిన సాయం ఎనిమిది నెలలు ఆలస్యమైందే, అది తలచుకుంటేనే నాకు నిద్ర పట్టదు.

మా వాడికి అప్పుడు ఏడేళ్లు. గలగలా మాట్లాడతాడు. కథ చెబితే ఒక్క ముక్క పొల్లు పోకుండా తిరిగి చెబుతాడు. పుస్తకం తెరిస్తే మాత్రం గొంతు పెగలదు. ప, వ, ష ఒకదాని బదులు ఇంకొకటి చదివేవాడు. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా పట్టుకోలేకపోయేవాడు. ఒత్తున్న పదం వస్తే అక్కడే ఆగిపోయేవాడు. మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించేయడం బాగా అలవాటైంది: 'పలక' అని ఉంటే 'పడవ' అనేవాడు, పక్కన బొమ్మ ఉంటే ఆ బొమ్మ పేరు చెప్పేసేవాడు. మా అత్తయ్య "మగపిల్లలు కాస్త లేటుగానే అందుకుంటారులే" అన్నారు. మా ఆయన బద్ధకం అన్నారు. నేను రోజూ వాడు పడుకున్నాక ఫోన్‌లో వెతుక్కుంటూ కూర్చునేదాన్ని. అలా ఒక అర్ధరాత్రి ఆ సెంటర్ ప్రకటన కంటబడింది. టెన్షన్‌లో ఉన్న మనిషికి ఆ వేళప్పుడు ఏ ప్రకటన చూసినా నిజమే అనిపిస్తుంది.

మొదటి పరీక్ష ఉచితం అన్నారు. వాణ్ణి నలభై నిమిషాలు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. రంగుల బంతులు గుర్తుపెట్టుకోవడం, ఎగిరే పక్షిని నొక్కడం లాంటి ఆటలు ఆడించారు. మర్నాడు పద్నాలుగు పేజీల రిపోర్టు ఇచ్చారు. అందులో మెదడు బొమ్మ, దాని మీద ఎరుపు, పసుపు మచ్చలు, "ఎడమ మెదడు ఇంత శాతం, కుడి మెదడు ఇంత శాతం" అంటూ లెక్కలు. నాకు ఎన్నో నెలల తర్వాత తట్టిన సంగతి ఇప్పుడే చెప్పేస్తాను: చదవడం రాదని తీసుకెళ్లిన పిల్లాడి చేత ఆ నలభై నిమిషాల్లో ఒక్క వాక్యం కూడా చదివించలేదు. కళ్లు చూపించారా, చెవులు పరీక్ష చేయించారా అని అడగలేదు. స్కూల్ నోటుబుక్కు తెరిచి చూడలేదు.

తర్వాత కౌన్సెలర్ కూర్చోబెట్టి మాట్లాడింది. "మేడమ్, మీరు సరైన టైముకి వచ్చారు. పదేళ్లు దాటితే మెదడు గట్టిపడిపోతుంది, అప్పుడు మేమూ ఏం చేయలేం" అంది. "పూర్తిగా తగ్గుతుందా?" అని అడిగాను. "మా దగ్గరకొచ్చిన పిల్లల్లో తొంభై శాతం మందికి పూర్తిగా తగ్గిపోయింది" అంది. ఆ లెక్క ఎవరు తీశారో, ఎలా తీశారో అడగాలని తోచలేదు. ఈ శనివారంలోగా కడితే తగ్గింపు ఉందంది. శుక్రవారమే కట్టేశాం.

(పదేళ్లకి మెదడు గట్టిపడటం అంటూ ఏదీ లేదు. చదవడం ఎంత చిన్నప్పుడు సరిగా నేర్పితే అంత మంచిదన్నది నిజమే. కానీ వయసొచ్చాక నేర్చుకున్నవాళ్లూ ఉన్నారు. అర్ధసత్యం చెప్పి భయపెడితే పూర్తి అబద్ధం కన్నా బాగా పనిచేస్తుందని తర్వాత తెలిసింది.)

ఇక సెషన్లు. ఊగే చెక్క మీద నిలబడి బంతి పట్టుకోవడం, కుడిచేత్తో ఎడమ మోకాలు తాకడం, పేజీ మీద నీలం రంగు ప్లాస్టిక్ షీటు పెట్టి చూడటం, చివరి ఇరవై నిమిషాలు మళ్లీ అవే కంప్యూటర్ ఆటలు. ఎనిమిది నెలల్లో వాడితో కూర్చున్న మనుషులు నలుగురు మారారు. ఒకామె అయితే నాతో "నేనూ చేరి రెండు వారాలే అయ్యిందండీ" అంది, పాపం. వాళ్ల టైముకి అందుకోవాలని వారానికి రెండు రోజులు స్కూలు నుంచి ముందే తీసుకెళ్లేదాన్ని. ఆ రోజుల్లో చివరి పీరియడ్లు ఆటలు, డ్రాయింగు. స్కూల్లో వాడు తలెత్తుకు తిరిగే రెండు గంటలూ అవే. వాటినే నా చేతులారా తీసేశాను.

మూడో నెలలో గ్రాఫు చూపించారు. గీత నిటారుగా పైకి పోతోంది. "ఏకాగ్రత నలభై శాతం పెరిగింది మేడమ్" అన్నారు. స్వీట్ల పెట్టె పట్టుకెళ్లాను కూడా. ఆరో నెల గ్రాఫు ఇంకా పైకి పోయింది. ఇంట్లో మాత్రం 'పలక' ఇంకా 'పడవ'గానే ఉంది. పైగా కడుపునొప్పి అని ఉదయాన్నే ఏడుపు మొదలైంది.

మా కళ్లు తెరిపించింది వాడి క్లాసు టీచర్‌గారు. ఆవిడ ఏడాదికి మూడుసార్లు పిల్లలందరి చేతా కొత్త పేరా ఒకటి పైకి చదివిస్తారు. సరిగ్గా ఒక్క నిమిషం. తప్పు లేకుండా చదివిన పదాలు లెక్కపెట్టి నోటుబుక్కులో రాసుకుంటారు. మా వాడి పేరుకి ఎదురుగా ఏడాది మొదట్లో 14, మధ్యలో 15, చివర్లో 17. పక్కనున్న పిల్లలు అదే సమయంలో ఇరవై, పాతిక పదాలు పెరిగారు. పద్నాలుగు పేజీల రంగుల రిపోర్టు చెప్పని నిజం ఆ మూడు అంకెల్లో ఉంది. ఆవిడ నన్ను ఏమీ అనలేదు. "రోజూ ఆ ఆటే ఆడితే ఆ ఆటలో మార్కులు పెరగవా అమ్మా?" అని మాత్రం అడిగారు.

ఆ తర్వాతే నేను కూర్చుని సరిగ్గా చదవడం మొదలుపెట్టాను. కట్టకముందు చదవాల్సింది! జ్ఞాపకశక్తి ఆటల శిక్షణ మీద అప్పటిదాకా జరిగిన పరిశోధనలను కలిపి 2013లో ఇద్దరు పరిశోధకులు సమీక్షించారు. శిక్షణ ఇచ్చిన పనుల్లో కొంతకాలం మెరుగుదల కనబడింది గానీ, అది చదువులోకి, లెక్కల్లోకి పాకినట్టు తేలలేదు. 2016లో అమెరికాలో వినియోగదారులు మోసపోకుండా చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్, లుమాసిటీ అనే బ్రెయిన్ ట్రైనింగ్ యాప్ ప్రకటనల్లో చెప్పినదానికి ఆధారాలు లేవని ఆరోపించింది. ఆ కేసు సర్దుబాటుకి కంపెనీ 20 లక్షల డాలర్లు కట్టింది.

నీలం షీటు వెనకున్న నమ్మకం ఇంకా పాతది. 1896లో ప్రింగిల్ మోర్గన్ అనే ఇంగ్లండు డాక్టరు, తెలివైనవాడై ఉండీ చదవలేకపోతున్న పద్నాలుగేళ్ల కుర్రాడి గురించి వైద్య పత్రికలో రాశాడు. దానికి 'పుట్టుకతో వచ్చిన పదాల గుడ్డితనం' అని పేరు పెట్టాడు. బహుశా అందుకే లోపం కంట్లో ఉందన్న నమ్మకం ఇంకా మిగిలింది. తెలివితేటలు బాగానే ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఈ ఇబ్బందినే ఇప్పుడు డిస్లెక్సియా అంటున్నారు. అది ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి అసలు చిక్కు చూపులో ఉండదు. మాటని శబ్దాలుగా విడగొట్టుకోవడంలో, ఏ శబ్దానికి ఏ అక్షరమో చటుక్కున కలుపుకోవడంలో ఉంటుంది. రంగు అద్దాలు, కంటి వ్యాయామాలు డిస్లెక్సియాని తగ్గిస్తాయనడానికి తగిన ఆధారం లేదని అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం, కంటి వైద్యుల సంఘాలు 2009లో కలిసి ప్రకటించాయి. పిల్లాడు 'చూసి నేర్చుకునే రకమా, విని నేర్చుకునే రకమా' అని తేల్చి దాన్నిబట్టి నేర్పితే ఫలితం పెరుగుతుందనడానికీ సరైన ఆధారం లేదని 2008లో ఒక సమీక్ష తేల్చింది. మా రిపోర్టులో దానికే మూడు పేజీలు కేటాయించారు. వేలిముద్రలు తీసి తెలివితేటలు చెప్పేవాళ్లు కూడా ఈ బజారులోనే ఉన్నారు. వాళ్ల గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది.

డబ్బు వెనక్కి అడిగినప్పుడు జరిగింది కూడా చెప్పాలి. ముందు "ఇంట్లో మీరు ప్రాక్టీస్ సరిగ్గా చేయించినట్టు లేదు మేడమ్" అన్నారు. తప్పు నా మీదకి వచ్చింది. తర్వాత "ఇతనికి లెవెల్ టూ అవసరం, కడితే పది సెషన్లు ఉచితం" అన్నారు. చివరికి ఒప్పంద పత్రం తీశారు. సెషన్లు వాడుకున్నా, వాడుకోకపోయినా డబ్బు వాపసు ఉండదని మూడో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. 'చదవడం' అన్న మాట ఆ పత్రంలో ఎక్కడా లేదు. 'మెదడు సామర్థ్యం పెంపు' అని ఉంది. దాన్ని ఎవరు కొలుస్తారు? వాళ్లే, వాళ్ల ఆటతోనే. పరీక్ష చేసేదీ, సమస్య ఉందని చెప్పేదీ, మందు అమ్మేదీ, తగ్గిందని సర్టిఫికెట్ ఇచ్చేదీ ఒక్కరే అయినప్పుడు మనకి అనుమానం రావాలి. నాకు రాలేదు.

అలాగని ప్రతి థెరపీనీ అనుమానించకండి. మాట స్పష్టంగా రాని పిల్లలకి స్పీచ్ థెరపీ, పెన్సిల్ పట్టుకోలేని పిల్లలకి ఆక్యుపేషనల్ థెరపీ నిజంగా ఉపయోగపడతాయి. మీరు కొనబోయేది అలాంటిదా కాదా తెలుసుకోవాలంటే నేను ఒక్క ప్రశ్న అడగమంటాను: "మూడు నెలల తర్వాత మా వాడు ఇప్పుడు చేయలేని ఏ పని చేయగలుగుతాడు, దాన్ని స్కూల్లో టీచర్ చూసి చెప్పగలరా?" పని తెలిసినవాళ్లు దీనికి సూటిగా జవాబు చెబుతారు. అమ్మేవాళ్లు ఆత్మవిశ్వాసం, ఏకాగ్రత, సామర్థ్యం అంటూ మొదలుపెడతారు. వీలైతే నెలనెలా కట్టే పద్ధతి అడగండి. ఒప్పుకోకపోతే లేచి వచ్చేయండి.

ఇప్పుడు ఏం చేస్తున్నామంటే, ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించాం, రెండూ బాగానే ఉన్నాయి. తర్వాత సైకాలజిస్టు రెండు రోజులపాటు వాడి చేత చదివించి, రాయించి, శబ్దాలు విడదీయించి చూశారు. మాతోనూ, టీచర్‌గారితోనూ మాట్లాడి డిస్లెక్సియా అని రాశారు. వారానికి నాలుగు రోజులు, రోజుకి అరగంట ఒక స్పెషల్ ఎడ్యుకేటర్ (ఇలాంటి పిల్లలకి విడిగా నేర్పే టీచర్) దగ్గర కూర్చుంటున్నాడు. ఆవిడ మొదటి రోజే "ఇది తగ్గిపోయే జబ్బు కాదమ్మా. చదవడం వస్తుంది, కాకపోతే మిగతా పిల్లల కన్నా వీడు ఎక్కువ కష్టపడాలి, మనం ఎక్కువ ఓపిక పట్టాలి" అన్నారు. వినడానికి చేదుగా ఉంది గానీ, అప్పటిదాకా మాకు అంత సూటిగా చెప్పినవాళ్లు లేరు.

చూడ్డానికి ఆ పాఠంలో ఆకర్షణ ఏమీ ఉండదు. చప్పట్లు కొడుతూ పదాన్ని ముక్కలు చేయడం, ఒక్క గుణింతాన్నే పట్టుకుని పలుకుతూ రాయడం, నేర్చుకున్న అక్షరాలతోనే కట్టిన చిన్న చిన్న వాక్యాలు చదవడం, నిన్నటిది మళ్లీ ఇవాళ చేయడం. ఒత్తుల జోలికి ఇంకా పోలేదు. మొదటి పన్నెండు వారాలకి లక్ష్యం ఒక కాగితం మీద రాసిచ్చారు: ఒత్తు లేని మూడక్షరాల పదాలు ఇరవై ఇస్తే పదహారు ఊహించకుండా చదవాలి. మొన్న పద్నాలుగు చదివాడు. 'పలక' వచ్చింది. క్లాసులో టీచర్‌గారు వాణ్ణి అందరి ముందూ లేపి చదవమనడం మానేశారు. ప్రశ్నలు చదివి వినిపిస్తారు, రాయడానికి టైము కాస్త ఎక్కువ ఇస్తారు, బోర్డు మీదిది మొత్తం ఎక్కించుకోమనకుండా కాగితం మీద ఇస్తారు. ఇవన్నీ స్కూల్లో అడిగితే దొరికాయి. పైసా ఖర్చు కాలేదు. ముందే అడగాలని మాకు తెలియదంతే. ఆటల పీరియడ్ తిరిగొచ్చింది, ఉదయం కడుపునొప్పి కూడా పోయింది.

ఇంకొక్క సంగతి మిగిలింది. మూడో నెలలో గ్రాఫు చూసిన సంతోషంలో వాళ్లు అడిగితే వీడియోకి ఒప్పుకుని సంతకం పెట్టాను. అందులో మా వాడు ఒక పేరా గడగడా చదువుతాడు. ముందురోజు రెండు గంటలు కూర్చోబెట్టి ఆ పేరా కంఠతా పట్టించారని తర్వాత వాడే చెప్పాడు. ఆ వీడియో ఇప్పటికీ వాళ్ల ప్రకటనల్లో తిరుగుతోంది. పసుపు చొక్కా వేసుకుని, పుస్తకం వైపు అసలు చూడకుండా చదివే పిల్లాడు కనబడితే వాడు మా వాడే. తీసేయమని రెండుసార్లు మెయిల్ పెట్టాను, జవాబు లేదు. మూడోసారి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. తీసేస్తే ఆ సంగతి ఇక్కడే చేరుస్తాను.