పటమటలో ఫ్లాటు అమ్మకం: ఏజెంటు కమీషన్ ఎంత, దేనికి?

విజయవాడ పటమటలో మా అత్తగారి పేరున ఉన్న పాత రెండు పడక గదుల ఫ్లాటును ఇటీవల ఒక స్థానిక ఏజెంటు ద్వారా అమ్మాము. ఆయన సేవ మొత్తం మీద నాకు నచ్చింది. అయితే కమీషన్ విషయంలో అమ్మేవాళ్లు ముందుగానే తేల్చుకోవలసినవి చాలా ఉన్నాయని, శాతం దగ్గర బేరమాడడం అందులో ఒక చిన్న భాగమేనని ఈ అమ్మకంలో స్పష్టంగా తెలిసింది.

ఇక్కడ పాత ఇళ్ల అమ్మకాల్లో ఏజెంట్లు సాధారణంగా ఒక శాతం నుంచి రెండు శాతం వరకు అడుగుతారు. ఇంతే తీసుకోవాలని ఏ చట్టమూ నిర్ణయించలేదు కాబట్టి, అది పూర్తిగా ఇద్దరి మధ్య ఒప్పందం. మా ఏజెంటు మొదట రెండు శాతం అన్నారు. కొనేవారి దగ్గర కూడా తీసుకుంటారా అని సూటిగా అడిగితే, అటువైపు ఒక శాతం తీసుకుంటానని దాచకుండా చెప్పారు. రెండు వైపులా తీసుకునే మనిషి మా ధర కోసం ఎంత గట్టిగా నిలబడగలరన్నది న్యాయమైన ప్రశ్నే కనుక, మా వైపు కూడా ఒక శాతానికే ఒప్పించాము. ఫ్లాటు 62 లక్షలకు తెగింది. ఒక శాతం అంటే 62,000 రూపాయలు. ఆయనకు జీఎస్టీ నమోదు ఉంది కాబట్టి కమీషన్ మీద 18 శాతం, అంటే మరో 11,160 రూపాయలు కలిపి మొత్తం 73,160 అయింది. ఈ పన్ను మాట ఆయన మొదటి సంభాషణలో ఎత్తలేదు, మేము అడిగాకే చెప్పారు. ‘ఒక శాతం’ అన్నప్పుడు అది జీఎస్టీతో కలిపా, కాకుండానా అన్నది ఆ పూటే అడిగి కాగితం మీద పెట్టించుకోవడం మంచిది.

అంతకు ముందు మాట్లాడిన మరో మధ్యవర్తి శాతం ఊసే ఎత్తలేదు. ‘మీ చేతికి 58 లక్షలు వస్తే చాలు కదా, పైన ఎంత వచ్చినా నాది’ అన్నారు. దీన్నే ఇక్కడ నెట్ రేటు అంటారు. వినడానికి ఏ బాదరబందీ లేనట్టు ఉంటుంది గానీ, లెక్క వేసి చూస్తే దీనంత ఖరీదైన పద్ధతి లేదు. అదే ఫ్లాటు 62కు అమ్మితే ఆయనకు మిగిలేది నాలుగు లక్షలు, అంటే ఆరు శాతం పైమాటే. పైగా ఈ పద్ధతిలో కొనేవారిని, అమ్మేవారిని ముఖాముఖి కూర్చోబెట్టకుండా ఉండడమే మధ్యవర్తికి లాభం. దస్తావేజులో 62 లక్షలు రాస్తే, చేతికి 58 లక్షలే వచ్చినా మూలధన లాభం (ఆస్తి అమ్మకంలో వచ్చిన లాభం, దీని మీద పన్ను ఉంటుంది) లెక్క మన మీద 62కే పడుతుంది. తక్కువ రాయిస్తే మిగతాది నగదులో నడుస్తుంది, అది ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం. పెద్దవాళ్లు ఒంటరిగా ఇల్లు అమ్ముకునే చోట ఈ నెట్ రేటు మాట వినిపిస్తే దయచేసి ఒప్పుకోవద్దు.

మా ఏజెంటు ఆ 62,000కు తగిన పని చేశారనడానికి ఒక్క సంగతి చాలు. మొదటి రోజే మా భోజనాల బల్ల మీద లింకు దస్తావేజులన్నీ (ఆస్తి ఇంతకుముందు ఎవరి నుంచి ఎవరికి చేతులు మారిందో చూపే పాత పత్రాలు) సంవత్సరాల వరుసలో పరిచి, ఈసీని, అంటే ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాలు చూపే ధ్రువపత్రాన్ని, ఒక్కొక్క పద్దు చొప్పున వేలు పెట్టి చదివారు. ఎప్పుడో తీర్చేసిన గృహరుణానికి బ్యాంకులో చేసిన తనఖా పద్దు అందులో అలాగే ఉంది. అప్పు తీరినా, విడుదల పత్రం రిజిస్టరు కాలేదు. అది కొనేవారి న్యాయవాది కంటపడితే బేరం ఆగిపోయేది, లేదా ధర తగ్గేది. ఆయనే బ్యాంకు చుట్టూ తిరిగి, విడుదల రిజిస్టరు చేయించి, కొత్త ఈసీ చేతికి వచ్చాకే ఫ్లాటు చూపించడం మొదలుపెట్టారు. ఊరికే చూసిపోయేవాళ్లను ఫోన్‌లోనే వడకట్టి, బ్యాంకు రుణం మంజూరయ్యే స్థితిలో ఉన్నవారినే తీసుకొచ్చారు.

ఆయన విజిటింగ్ కార్డు మీద రెరా (స్థిరాస్తి రంగాన్ని నియంత్రించే సంస్థ) నమోదు నంబరు ఉంది. 2016 నాటి రెరా చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం, రెరాలో నమోదైన ప్రాజెక్టుల్లో ఫ్లాట్లు, స్థలాలు అమ్మించే ఏజెంటుకు నమోదు తప్పనిసరి. మాలాంటి పాత అపార్టుమెంటు మళ్లీ అమ్మకానికి అది వర్తించదు, కమీషన్ ఎంతన్నదీ ఆ చట్టం చెప్పదు. నంబరు ఉండడం మంచిదే గానీ, అది చూపించి ఎక్కువ శాతం అడిగితే ఒప్పుకోనక్కరలేదు.

ఏజెంటు తన కమీషన్‌ను అమ్మకపు ఒప్పందం రోజున సగం, రిజిస్ట్రేషన్ రోజున సగం ఇవ్వమన్నారు. బయానా తీసుకున్నాక కూడా బేరాలు చెడిపోతుంటాయి కాబట్టి, ఒప్పందం నాడు పావు వంతు, మిగిలినది అమ్మకం సొమ్ము అత్తగారి ఖాతాలో పడ్డాక అని రాయించాము. ధర 50 లక్షలు లేదా అంతకు మించితే కొనేవారు ఒక శాతం టీడీఎస్ (చెల్లింపులోనే ముందుగా కోసే ఆదాయపు పన్ను) పట్టుకుని అమ్మేవారి పాన్‌కు జమ చేయాలి. మా విషయంలో అదీ సరిగ్గా 62,000 రూపాయలే కావడంతో, అదేదో రెండో కమీషన్ అనుకుని అత్తగారు కంగారుపడ్డారు. టీడీఎస్ ఆమె పన్ను లెక్కలో తిరిగి కలుస్తుంది. ఏజెంటుకు ఇచ్చిన సొమ్మును కూడా మూలధన లాభం లెక్కించేటప్పుడు అమ్మకపు ఖర్చుగా తీసివేయవచ్చు. అందుకు రుజువు ఉండాలి కాబట్టి కమీషన్ బ్యాంకు ద్వారానే పంపి, జీఎస్టీ బిల్లు తీసుకున్నాము.

నాకు అసంతృప్తి మిగిలింది రెండు చోట్ల. ఆన్‌లైన్ ప్రకటనలకు అయిందని చివర్లో విడిగా 5,000 అడిగారు. ఒప్పందంలో ఆ మాట లేదని చూపిస్తే మారు మాట్లాడకుండా మానుకున్నారు గానీ, అసలు అడగవలసింది కాదు. ఇక రిజిస్ట్రేషన్ అయ్యాక మనిషి అందుబాటులో లేరు. అసోసియేషన్ నుంచి బకాయిలు లేవన్న పత్రం ఇప్పించడం, కరెంటు మీటరు పేరు మార్పు తానే చూస్తానన్న మనిషి, కమీషన్ పూర్తిగా అందిన తర్వాత ఫోన్ తీయలేదు. ఆ పనులు కొన్నవారూ మేమూ కలిసి చేసుకున్నాము. గుంటూరు బ్రాడీపేటలో అత్తగారిదే ఇంకో ఇల్లు అమ్మవలసి ఉంది. దానికీ ఈయననే పిలుస్తాము గానీ, కమీషన్‌లో పదో వంతు మీటరు పేరు మారేవరకు మా దగ్గరే ఉంచుతామని ముందే చెబుతాము.