కొత్త పికప్‌లో కిర్రుకిర్రు: షోరూమా, ఆటోనగరా, ఇంటి దగ్గరేనా?

ఏడాది తిరక్కముందే పికప్‌లో చప్పుళ్లు మొదలైతే హైదరాబాద్‌లో దారులు మూడు: షోరూమ్, వనస్థలిపురం వైపు ఆటోనగర్, లేదా ఇంటి ముందు మన చేతులే. ఏది మేలో తేల్చేది చప్పుడు పుట్టే చోటు. అది పట్టుకోకుండా ఎటు వెళ్లినా డబ్బు దండగ.

షోరూమ్‌కున్న అసలు బలం లిఫ్టు కాదు, సర్వీస్ బులెటిన్. ఒకే మోడల్‌లో ఒకే ఫిర్యాదు పదే పదే వస్తే కంపెనీ డీలర్లకు దాన్ని పంపుతుంది. లక్షణం, ఏ ఛాసిస్ నంబర్లకు వర్తిస్తుంది, కారణం, పార్ట్ నంబరు, పని చేసే వరస అందులో ఉంటాయి. అమెరికాలో రోడ్డు భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో వీటిని ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. కానీ మన దగ్గరి పికప్‌లు టయోటా హైలక్స్, ఇసుజు వీ-క్రాస్ అక్కడ అమ్మరు కాబట్టి వాటికోసం ఆ సైట్‌లో వెతికి లాభం లేదు. ఇక్కడ కంపెనీ సైట్లలో, వాహన తయారీదారుల సంఘం సియామ్ సైట్‌లో దొరికేవి రీకాల్ (కంపెనీ బండ్లను వెనక్కి పిలిచి బాగుచేయడం) వివరాలు. అవి భద్రతా లోపాల సంగతి. కిర్రుకిర్రుకు రీకాల్ రాదు.

అందుకే సర్వీస్ అడ్వైజర్‌ను సూటిగా అడగాలి: "ఈ ఛాసిస్ నంబరుకు ఈ చప్పుడు మీద బులెటిన్ ఉందేమో సిస్టమ్‌లో చూడండి సార్." జాబ్ కార్డులో "సౌండ్ వస్తోంది" అని రాస్తే పని జరగదు. "ఖాళీ బండి, 20 స్పీడు, బ్రేకర్ దిగేటప్పుడు వెనక ఎడమవైపు కిర్రు" అని రాయించాలి. టెక్నీషియన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక రౌండు తిప్పాలి. "ఇది నార్మలే సార్" అంటే ఆ మాటే కార్డు మీద పెట్టించుకోండి. రేపు వారంటీ ముగిశాక వాదించడానికి పనికొచ్చేది అదొక్కటే.

వెనక కిర్రుకు ఎక్కువసార్లు కారణం కమాన్ పట్టీలు (వెనక బరువు మోసే లీఫ్ స్ప్రింగులు), లేదంటే వాటి చివర్లలోని రబ్బరు బుష్‌లు. పరీక్ష సులువు: ఒక్కో బుష్ మీద, ఆ తర్వాత పట్టీల చివర్ల మీద నీళ్లు కొట్టి బండిని ఊపండి. ఎక్కడ తడిపితే చప్పుడు ఆగిందో అదే చోటు. వానాకాలంలో మాయమై ఎండలకు తిరిగొచ్చే కిర్రు కూడా ఇదే. ఇక్కడ చాలా షెడ్లలో పాత ఇంజిన్ ఆయిల్ పూసేస్తారు. ఆ పూట నిశ్శబ్దంగానే ఉంటుంది. తర్వాత దుమ్ము అంటుకుని గరుకు కాగితంలా పట్టీని అరగదీస్తుంది, రబ్బరు ఉబ్బి చెడిపోతుంది. రబ్బరుకు సిలికాన్ గ్రీజు వాడాలి. పట్టీల చివర ప్లాస్టిక్ ప్యాడ్ అరిగితే ప్యాడే మార్చాలి.

ఈ పనికి వారంటీ దాటిన బండికి ఆటోనగరే మేలు. పట్టీ మేస్త్రీల చేతికున్న అలవాటు షోరూమ్ కుర్రాళ్లకు ఉండదు. ఒక్క షరతు: బుష్ బోల్టుల చివరి బిగింపు బండి బరువు టైర్ల మీద ఉన్నప్పుడే జరగాలి. జాకీ మీద వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగి త్వరగా చిరుగుతుంది, కిర్రు మళ్లీ హాజరు. పట్టీలను ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులకు మాన్యువల్‌లోని టార్క్ (బిగింపు కొలత) ఇవ్వమనండి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూపించండి.

గలగలలకు మాత్రం ఇల్లే మేలు. వెనక డాలా (ట్రే తలుపు) లొడలొడలాడితే దాని గొళ్లెం పట్టుకునే స్ట్రైకర్ బోల్టు వదులు చేసి కాస్త లోపలికి జరపండి, రబ్బరు బఫర్లు చూడండి. ఐడ్లింగ్‌లో రేకు మోగితే సైలెన్సర్ హీట్ షీల్డ్. చల్లారాక స్టీలు హోస్ క్లిప్ చుట్టి బిగిస్తే చాలు. డోర్ రబ్బరు తుడిచి సిలికాన్ రాయండి. డాష్‌బోర్డు గలగలకు ముందు గ్లవ్ బాక్స్ ఖాళీ చేసి చూడండి, చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. ప్యానెల్ ఊడదీస్తే క్లిప్పులు విరుగుతాయి, ఆ పని ఎవరి చేతికిచ్చినా విడి క్లిప్పులు ముందే తెచ్చుకోండి.

గేరు వేయగానే కింద టక్కుమంటే ఇంట్లో ముట్టుకోకండి. గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలకు శక్తి అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్‌లో, ముందుకూ వెనక్కూ జారే స్లిప్ యోక్‌లో గ్రీజు ఎండి ఉండొచ్చు, లేదా దాని కీలు యూజే క్రాస్ అరిగి ఉండొచ్చు. వారంటీ ఉంటే నేరుగా షోరూమ్‌కే.