చీమకుర్తి గెలాక్సీ పలక: రాయికి పూర్తి మార్కులు, పలకకు మాత్రం చూసి వేయాలి

ఒంగోలు, చీమకుర్తి చుట్టుపక్కల పాలిషింగ్ యూనిట్లలో అమ్మే గెలాక్సీ గ్రానైట్ సంగతి ఇది. రాయి నిక్షేపంలాంటిది. నల్లటి ఒంటి మీద మెరిసే బంగారు చుక్కలు పూసిన రంగు కాదు, బ్రాంజైట్ ఖనిజం. ఎన్నేళ్లు తుడిచినా పోవు.

చిక్కంతా మన చేతికొచ్చే పలకతోనే. చుక్క సమానంగా పడి, గీత లేని పెద్ద రాతి బ్లాకులు చాలావరకు కోయకుండానే ఓడెక్కి చైనా పోతున్నాయి. ఇక్కడి యూనిట్లకు ఎక్కువగా మిగిలేది చిన్న బ్లాకే. అందుకే రెండు, రెండున్నర అడుగుల వెడల్పుండే కట్టర్ సైజు పలకలే గుట్టలుగా కనిపిస్తాయి.

ఘనమీటరు బ్లాకును 20 మిల్లీమీటర్ల మందాన కోస్తే, బ్లేడు తినే ఐదారు మిల్లీమీటర్లు పోను, లెక్కకు 400 చదరపు అడుగుల పలక వస్తుంది. పగుళ్లు, అంచులు పోతే ఇంకా తగ్గుతుంది. ఆ 400 అడుగుల కోత, సన్నటి పగుళ్లు పూడ్చే రెసిన్ పూత, పాలిష్, ప్యాకింగ్ కూలి మొత్తం బ్లాకుతోపాటే సముద్రం దాటుతుంది. క్వారీ యజమానికి రొక్కం చేతికొస్తుంది, ప్రభుత్వానికి సీనరేజీ (తవ్విన రాయి మీద కట్టే రుసుము) వస్తుంది, అక్కడి ఫ్యాక్టరీకి ఏడాది పొడుగునా పని ఉంటుంది. ఇక్కడ పాలిష్ మెషిన్ దగ్గర నిలబడే మనిషికి, బ్లేడుకు సెగ్మెంట్లు (రాయిని కోసే వజ్రపు పళ్లు) అతికే వర్క్‌షాపుకు, లోడింగ్ ముఠాకు ఆ పని లేకుండా పోతుంది. గుంతలు, వేస్టు రాళ్ల గుట్టలు మాత్రం ఇక్కడి ఊళ్లకు మిగులుతాయి. ఇది అన్యాయమే.

కొనేటప్పుడు వెర్నియర్‌తో నాలుగు మూలలా మందం కొలవండి. 20 అని చెప్పి 16 అంటగట్టడం మామూలే. తెల్లగుడ్డను అసిటోన్‌తో తడిపి రుద్దండి. నలుపు అంటితే రంగేసిన పలక, ముట్టుకోవద్దు. వెనకవైపు నీళ్లు పోసి ఆరనివ్వండి. పలకంతా ఆరాక కూడా తడిగా మిగిలిన సన్నటి గీతే పగులు. సింకు కోసేచోట అలాంటిది ఉంటే ఇంట్లోకి చేరకముందే విరగొచ్చు. సింకు మూలలను నేరుగా కోయనివ్వకుండా, ముందు గుండ్రంగా రంధ్రం వేయించి, అక్కడిదాకానే బ్లేడు నడపమనండి. 24 అంగుళాల వంటగట్టుకు ముందు అంచుతో కలిపి 25 అంగుళాలైనా కావాలి. అంచులు సరిచేశాక రెండడుగుల కట్టర్ పలక దానికి చాలదు, అతుకు పడుతుంది.

గ్యాంగ్‌సా పలకకు, అంటే పెద్ద బ్లాకును పెద్ద రంపపు యంత్రం మీద కోసిన వెడల్పాటి పలకకు, అడుగు రేటు ఎక్కువే చెబుతారు. ఇక్కడే కోసి, ఇక్కడే పాలిష్ పట్టిందైతే ఆ ఎక్కువ ఇవ్వొచ్చు, ఆ కూలి జిల్లాలోనే ఉంటుంది. బ్లాకు నంబరు, వరస నంబరు అడిగి పక్కపక్క పలకలే తీసుకోండి. చుక్క కలవకపోతే గట్టు మీద అతుకు దూరం నుంచే తెలిసిపోతుంది.