షీట్‌లో ఈటీఎఫ్ ధర, ఫండ్ ఎన్ఏవీ: నాలుగేళ్ల వాడకం తర్వాత

గూగుల్ షీట్స్‌లో ఈటీఎఫ్‌ల (షేర్లలా ఎక్స్ఛేంజ్‌లో కొని అమ్మే ఫండ్లు) ధరకు గూగుల్‌ఫైనాన్స్ ఫంక్షన్ చాలు. మ్యూచువల్ ఫండ్లకు దాన్ని నమ్ముకోవద్దు. మ్యూచువల్ ఫండ్ సంస్థల సంఘం యాంఫీ రోజూ పెట్టే ఎన్ఏవీ (ఒక్కో యూనిట్ అసలు విలువ) ఫైలే ఆధారం.

ఈటీఎఫ్ కోడ్ ముందు ఎక్స్ఛేంజ్ పేరు ఉండాలి, ‘ఎన్ఎస్ఈ:నిఫ్టీబీస్’ లాగా. బీఎస్ఈకి మాత్రం ‘బీఓఎం’ అని రాయాలి. ధర 20 నిమిషాల దాకా ఆలస్యంగా రావచ్చు. లెక్కలకు సరే, ఆర్డర్ పెట్టడానికి పనికిరాదు. పైగా అది మార్కెట్ ధర, ఎన్ఏవీ కాదు. విదేశీ సూచీల ఈటీఎఫ్‌లలో ఆ రెంటికీ తేడా బాగా పెరుగుతుంది, రెండూ పక్కపక్కన పెట్టుకోండి.

పాత తేదీ ధర అడిగితే ఒక్క అంకె రాదు, శీర్షికతో రెండు కాలమ్‌ల పట్టిక వస్తుంది. ఇండెక్స్ ఫంక్షన్‌తో 2వ వరుస, 2వ కాలమ్ తీసుకోవాలి. ఆ రోజు సెలవైతే #ఎన్/ఏ (దొరకలేదనే ఎర్రర్) వస్తుంది. కాబట్టి వెనకటి పది రోజుల పట్టిక తెప్పించి, కావలసిన తేదీ దాటని చివరి వరుస పట్టుకోండి. తేదీకి 15:30 సమయం అంటుకుని ఉంటుంది. అమీర్‌పేటలో నేర్పే మామూలు వీలుకప్ (పట్టికలో వెతికే ఫంక్షన్) అందుకే అక్కడ తప్పుతుంది. ముందు ఇంట్ ఫంక్షన్‌తో సమయం కత్తిరించాలి.

యాంఫీ ఫైలులో సెమీకోలన్లతో విడిపోయిన ఆరు గడులుంటాయి: స్కీమ్ కోడ్, రెండు ఐసిన్‌లు (ఫండ్ గుర్తింపు కోడ్‌లు), పేరు, ఎన్ఏవీ, తేదీ. ఇంపోర్ట్‌డేటా ఫంక్షన్‌తో లాగితే ఫైలు పెద్దదని ఎర్రర్ ఇవ్వొచ్చు. యాప్స్ స్క్రిప్ట్ (షీట్‌లోనే రాసే చిన్న ప్రోగ్రాం)‌తో తెచ్చి, మీ కోడ్‌ల వరుసలే షీట్‌లో రాయించడం మంచి దారి. పేరుతో వెతకొద్దు. ఒకే ఫండ్‌లో డైరెక్ట్, రెగ్యులర్, గ్రోత్, ఐడీసీడబ్ల్యూ (డబ్బు పంచే రకం) దేని కోడ్ దానిదే. పరాగ్ పారిఖ్ ఫ్లెక్సీ క్యాప్ డైరెక్ట్ గ్రోత్‌ది 122639. కోడ్ ఒకచోట టెక్స్ట్‌గా, మరోచోట నంబరుగా ఉంటే కళ్లెదుటే ఉన్నా దొరకదు.

ఫండ్ ఆఫ్ ఫండ్స్ (వేరే ఫండ్లలో పెట్టే ఫండ్) ఎన్ఏవీ మర్నాడు పొద్దున గానీ రాదు. స్క్రిప్ట్‌ను రోజూ తనంతట నడిపే ట్రిగ్గర్ ఉదయం 10 దాటాక పెట్టి, షీట్ టైమ్‌జోన్ భారత్‌కు మార్చండి. అమెరికాది ఉండిపోతే హైదరాబాద్‌లో తెల్లారినా టుడే ఫంక్షన్ నిన్నటి తేదీనే చూపిస్తుంది. ఎన్ఏవీ పక్కన దాని తేదీ గడి తప్పక ఉంచండి. ఎర్రర్ వచ్చినచోట ఇఫ్ఎర్రర్ ఫంక్షన్‌తో సున్నా మాత్రం పెట్టొద్దు: ఒక ఫండ్ ఎన్ఏవీ రాకపోయినా మీ పెట్టుబడి మొత్తం చడీచప్పుడు లేకుండా తగ్గిపోతుంది.